షార్ట్‌వేవ్ నివేదికలో నేను కొట్టేసిన వాక్యం

మొన్నామధ్య ఒకమ్మాయి ఫోన్ చేసింది. నేను పనిచేసిన రేడియో శాఖలోనే కొత్తగా ఇంజనీరుగా చేరింది. "సార్, మిగిలిన షార్ట్‌వేవ్ కేంద్రాలకు ముందుముందు ఏ ప్రసార పద్ధతి ఎంచుకోవాలో చూసే కమిటీలో నన్ను వేశారు. ఒకప్పుడు మీరూ ఇలాంటి పరీక్షలే చేశారట కదా. ఏది మంచిదంటారు?" అని అడిగింది.

ఫోన్లో పావుగంట చెప్పాను. అంతా యంత్రాల సంగతి. పెట్టేశాక, అసలు చెప్పాల్సింది దాటేశానని తెలిసింది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. ముప్పై ఏళ్ల పైచిలుకు షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేశాను. ఇప్పుడు ఆదోనిలో ఉంటున్నాను. ప్రమోషన్లు ఎప్పుడు వచ్చాయో, ఏ బదిలీ ఎవరు ఆపారో రాయను. అవి ఎవరికీ పనికిరావు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన కార్డు

ఎఫ్.ఎం. చూపు ఆనినంత దూరమే పోతుంది. షార్ట్‌వేవ్ అలా కాదు. పైన చాలా ఎత్తున ఉండే ఒక పొరకు తగిలి మళ్లీ నేల మీదికి దిగుతుంది. అందుకే ఒక్క ట్రాన్స్‌మిటర్ పెట్టి రాష్ట్రమంతా వినిపించవచ్చు. అయితే ఆ పొర మన చెప్పుచేతల్లో ఉండదు. ఎండ ఎక్కేకొద్దీ గట్టిపడుతుంది. పొద్దు వాలాక పలచబడుతుంది. తెల్లవారేటప్పుడు మరీ నీరసంగా ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కేంద్రానికి ఒక కార్డు వచ్చింది. ఎమ్మిగనూరు నుంచి ఒక నేతగాడు రాశాడు. ఉదయం ఆరున్నర వార్తల్లో మొదటి సగం మునిగిపోతున్నదనీ, మగ్గం ఆపి చెవి ఆనించినా మాట తెలియడం లేదనీ. నేను మీటర్లు చూశాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. "మా ట్రాన్స్‌మిటర్ సక్రమంగా పనిచేస్తున్నది" అని జవాబు టైపు చేయించి సంతకానికి తీసుకెళ్లాను.

అప్పటి మా అధికారి రామనాథం గారు. తక్కువ మాట్లాడే మనిషి. కాగితం చదివి పక్కన పెట్టారు.

"ఆయన నీ ట్రాన్స్‌మిటర్ ఎలా ఉందని అడిగాడా?"

"లేదండి."

"నీది ఎమ్మిగనూరే కదా. వారం రోజులు వెళ్లి ఆయన రేడియోలోనే విను. నీ మీటర్లు ఇక్కడే ఉండనీ."

వెళ్లాను. ఆ నేతగాడు మా వీధికి రెండు వీధుల అవతలే. రోజూ ఆరున్నరకు ఆయన ఇంట్లో మగ్గం గుంత పక్కన కూర్చుని విన్నాను. ఆయన రాసింది అక్షరాలా నిజం. ఏడు గంటలకు ఎండ ఎక్కాక గొంతు తేటపడేది. ఆరున్నర వేళకు మేము వాడే ఫ్రీక్వెన్సీ ఎక్కువైంది. పలచబడ్డ పొర దాన్ని వెనక్కి పంపలేక పైకి వదిలేస్తున్నది. తిరిగొచ్చి చెప్పాను. రామనాథం గారు ఉదయానికి వేరే ఫ్రీక్వెన్సీ మార్పించారు. ఆ నేతగాడు మళ్లీ కార్డు రాయలేదు. బాగుంటే ఎవరూ రాయరు.

ఈ పాఠం నాకు ఇరవై రెండేళ్ల వయసులోనే దొరికింది. యాభై దాటాక మరిచిపోయాను.

దారులు ఎన్ని

మా పాత పద్ధతి చాలా దుబారా పద్ధతి. ట్రాన్స్‌మిటర్ రెండు పనులు చేస్తుంది. ఒకటి, మోసే అలను పంపడం. రెండు, దాని మీద మాట ఎక్కించడం. మాట లేనప్పుడు కూడా మోసే అల పోతూనే ఉంటుంది. కరెంటులో ఎక్కువ భాగం దానికే ఖర్చు. కబురు తెచ్చే మనిషికే బువ్వంతా పెట్టి, కబురుకు మెతుకు మిగల్చనట్టు. ఆ లావుపాటి అల ఉండబట్టే సంతలో కొన్న చవక రేడియో కూడా దాన్ని పట్టుకోగలుగుతుంది. ఇది మరవకూడదు.

దీనికి బదులు మా ముందు మూడు దారులుండేవి. మొదటిది, మాట లేని క్షణాల్లో మోసే అలను తగ్గించడం. కరెంటు కొంత మిగులుతుంది, పాత సెట్లన్నీ పలుకుతాయి. కాకపోతే మాటకూ మాటకూ మధ్య కాస్త గరగర వినిపిస్తుంది. రెండోది, మోసే అలకు రెండు పక్కలా ఎక్కే మాటలో ఒక పక్కదే పంపి మోసే అలను దాదాపు తీసేయడం. దీనికి సెట్టు వేరే కావాలి. ట్యూనింగు వెంట్రుకవాసి తప్పినా మనిషి గొంతు బాతు గొంతవుతుంది. మూడోది డిజిటల్. సగం కరెంటుతోనే గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టు వస్తుంది. కానీ దానికీ కొత్త సెట్టు కావాలి. పైగా పాత పద్ధతిలో సిగ్నల్ నీరసించినా గరగరలో సగం మాటైనా చెవిన పడుతుంది. డిజిటల్‌లో ఒక మెట్టు దిగితే ఏమీ ఉండదు. నిశ్శబ్దం.

పాత సెట్టులో డిజిటల్ ప్రసారం పెడితే ఏం వినిపిస్తుందో కూడా చెప్పాలి. ఒకటే హోరు. కాలువ తూము ఎత్తినప్పుడు వచ్చే చప్పుడులా ఉంటుంది.

తెల్ల వ్యాను

డిజిటల్ పరీక్షలకు ఒక వ్యాను ఇచ్చి నన్ను మా పశ్చిమ కర్నూలుకే పంపారు. ఊళ్లు తెలుసునని. ఆదోనిలో దిగి మూడు వారాలు తిరిగాను. వ్యాను మీద మంచి యాంటెన్నా, లోపల కొలిచే పరికరాలు. డ్రైవరు తొమ్మిదింటికి టిఫిను చేసి వచ్చేవాడు. ఆలూరు, హాలహర్వి, కృష్ణగిరి పోయి, కొలతలు తీసుకుని, ఐదింటికి వెనక్కి. ఎక్కడ ఆపినా రీడింగు బ్రహ్మాండంగా వచ్చేది. వ్యాను తలుపులు తెరిచి పెద్దగా పెడితే పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు.

హాలహర్వి అవతల, హగరి ఒడ్డున ఒక చిన్న పల్లెలో ఉసేనప్ప పరిచయమయ్యాడు. హగరిని కాగితాల మీద వేదవతి అంటారు. ఏళ్ల తరబడి ఇసుక తప్ప నీళ్లుండవు. ఆ ఇసుకలో బోరు దింపి, మోటారు పెట్టి, ఒడ్డున ఉన్న చేను తడుపుకుంటారు. ఉసేనప్పకు, అతని తమ్ముడు ఈరన్నకు కలిపి ఒక మోటారు ఉండేది. అన్న యాభై దాటినవాడు, తమ్ముడికి నలభై ఉండొచ్చు. ఇద్దరూ ఏటా పంట చేతికి రాగానే మిరపకోతల సుగ్గికి గుంటూరు వైపు పోయి రెండు నెలలు కూలి చేసి వచ్చేవాళ్లు. వాళ్ల షార్ట్‌వేవ్ సెట్టు కూడా వాళ్లతో సుగ్గికి పోయి వచ్చేది. అక్కడ కూడా ఇదే స్టేషను పలుకుతుందని.

ఉసేనప్ప వ్యాను తలుపు దగ్గర నిలబడి కాసేపు విన్నాడు.

"బాగుంది సార్. పక్కన కూసోని మాట్లాడినట్టుంది. మా సెట్టులో ఇట్లనే వచ్చాదా?"

"మీ సెట్టులో రాదు. కొత్త సెట్టు కావాల."

"అది యాడ దొరుకుతాది?"

"ఇంకా అంగళ్లకు రాలేదు. వస్తాయి."

అతను తల ఊపాడు. ఈరన్న మాత్రం ఊరుకోలేదు. "ఎండ పొద్దున ఎవురైనా బాగనే పలుకుతారు సార్. మేము వినేది తెల్లారి. చేనికి పొయ్యేముందర. మీరు తెల్లారి రాండి, అప్పుడు సూడండి" అన్నాడు.

"చూస్తాం" అన్నాను. చూడలేదు. తెల్లవారి ఆరున్నరకు హాలహర్వి చేరాలంటే ఆదోనిలో నాలుగున్నరకు బయలుదేరాలి. డ్రైవరు ఒప్పుకోడు, నాకూ ఒళ్లు వంగలేదు. ఇంతకుమించి కారణం లేదు. పెద్ద తప్పులకు పెద్ద కారణాలు ఉంటాయనుకుంటాం గానీ ఉండవు.

కొట్టేసిన వాక్యం

నివేదిక రాశాను. డిజిటల్ తృప్తికరం అని. చివర ఒక వాక్యం చేర్చాను: "కొత్త సెట్లు జనానికి అందేవరకు, ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట పాత పద్ధతిలోనే, మోసే అలను తగ్గించి ప్రసారం కొనసాగించాలి."

అప్పటి మా చీఫ్ ఇంజనీరు మంచివాడు. ఇది వెటకారానికి అనడం లేదు. కింది ఉద్యోగులను పేరు పెట్టి పిలిచేవాడు, ఎవరింట్లో జబ్బు చేసినా కనుక్కునేవాడు. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

"నివేదిక బాగుంది. ఈ చివరి వాక్యం ఒక్కటే ఇబ్బంది. పైవాళ్లు మనల్ని అడిగింది ఏ పద్ధతి అని. రెండూ అంటే ఎలా? పాతది ఉన్నంతకాలం కొత్త సెట్లు ఎవరూ తయారు చెయ్యరు. పాతది ఆపితేనే అంగట్లోకి వస్తాయి."

"రాకపోతేనండి?"

"వస్తాయయ్యా. నువ్వు నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అప్పట్లో అందరూ అలాగే అనుకున్నారు. వాదిస్తే ఆయన వినేవాడేమో కూడా. నేను వాదించలేదు. పెన్ను తీసి, ఆయన ఎదుటే ఆ వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆయన నా భుజం తట్టాడు. టీ చల్లారిపోయిందని ఇంకోటి తెప్పించాడు.

కొన్ని నెలలకు పాత ప్రసారం ఆగింది. హాలహర్వి మండలాఫీసుకు చూపించడానికని ఒక డిజిటల్ సెట్టు ఇచ్చారు. అది పదింటికి ఆఫీసు తెరిచాక పలికేది, ఐదింటికి మూసేలోపు పలికేది. తెల్లవారి ఎవరైనా పెట్టి ఉంటే పలికేది కాదని నాకు తర్వాత తెలిసింది. ఆ వేళ పెట్టేవాళ్లే లేరు. ఇంకే కొత్త సెట్లూ అంగళ్లకు రాలేదు.

ఖాజా సాబు బల్ల

ఆదోనిలో జిన్నింగు మిల్లులకు పోయే దారిలో ఖాజా సాబు అని ఒక రేడియో మెకానిక్ ఉండేవాడు. నాకన్నా పదేళ్లు పెద్ద. అప్పటికే దుకాణంలో సగం సెల్‌ఫోన్ల పనే. మిగతా సగం ఆయన బల్ల. ఊరికి వచ్చినప్పుడల్లా ఆ బల్ల ముందు కూర్చునేవాణ్ణి.

పాత ప్రసారం ఆగిన నెలన్నరకు వెళ్తే, బల్ల కింద వరసగా రేడియోలు పేర్చి ఉన్నాయి. పదకొండు.

"అన్నీ మంచి సెట్లే సార్" అన్నాడు ఖాజా సాబు. "ఒక్కటీ ఖరాబు కాలేదు. విప్పి చూసినాను, మళ్లీ మూసినాను. హోరు వస్తాంది, బాగు చెయ్యి అంటారు. సెట్టు కాదప్పా, స్టేషనే మారినాది అంటే నమ్మరు. నీకు పని రాక సాకులు చెప్తాండావ్ అన్నారొకరు. యాభై ఏండ్ల నుంచి ఈ పని చేస్తాండా."

ఆ వరసలో ఒక సెట్టుకు ఎర్రగుడ్డ చుట్టి ఉంది. హాలహర్వి నుంచి ఉసేనప్ప పంపాడని చెప్పాడు.

"ఆయనకేం చెప్పినావు?"

"ఏం చెప్పాల? మీరే చెప్పండి సార్. మీరు పంపేది బాగనే ఉండొచ్చు. పట్టుకునేది యాడుంది?"

సెలవు ముగిసి కేంద్రానికి పోయి, కొట్టేసిన వాక్యాన్నే ఒక లేఖగా రాసి పైకి పంపాను. పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. ఈసారి జవాబు రాలేదు. మూడోసారి రాయలేదు.

హగరి

ఆ తర్వాతి వానాకాలం రెండు రోజులు ముసురు పట్టింది. కరెంటు పోయింది, సెల్ టవర్లూ మూగబోయాయి. అంతకుమించిన వాన పైన కర్ణాటకలో పడింది. అక్కడి నుంచి హగరిలోకి నీళ్లు వస్తున్నాయని ఏటి పక్క ఊళ్లకు హెచ్చరిక ఇచ్చారు. మా కేంద్రం దాన్ని సాయంత్రం ఆరింటి వార్తల్లో చదివింది, తెల్లవారి ఆరున్నరకు మళ్లీ చదివింది. రెండుసార్లూ డ్యూటీలో ఉన్నది నేనే. మీటర్లన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

పెద్ద ఊళ్లకు తలారులు పోయి చాటింపు వేశారు. ఉసేనప్ప పల్లెకు దారిలో వంక పొంగి మనిషి పోలేకపోయాడు.

ఖాజా సాబు ద్వారా నాకు కబురు తెలిసేసరికి పది రోజులైంది. సెలవు పెట్టి వెళ్లాను. ఆలూరులో షేరాటో ఎక్కి, దిగి, మిగతాది నడిచాను. హగరిలో నీళ్లు అప్పటికే తీసేశాయి. ఇసుక కొత్తగా, తడిగా ఉంది.

ఉసేనప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గుండు చేయించుకున్న తల. నన్ను చూసి లేచి చాప వేశాడు.

"మోటారు ఏట్లో ఉన్నాది గదా సార్. వాన నిలిచినాది, పోయి సూసొస్తానని పొద్దున్నే పోయినాడు ఈరన్న. అప్పటికి ఏట్లో మోకాలి లోతు గూడ లేదు. మోటారు విప్పుతాండాడంట. గొర్రెలోళ్లు ఒడ్డు మీద నుంచి అరిసినారంట. వాడు వినిందీ లేందీ తెలీదు. ఒకేసారి వచ్చినాది."

"రేడియో..." అన్నాను.

"ఖాజా సాబు బాగనే ఉందని పంపించినాడు గదా, మాపటేల పెట్టినాను. తెల్లారి గూడ పెట్టినాను. పక్కనే ఉండె వాడు. అదే హోరు. నీళ్లు పారినట్టు సప్పుడు. ఈరన్న నవ్వినాడు, 'అన్నా, నీ రేడియోలో ఏరొచ్చినాది' అని." ఉసేనప్ప చాప అంచు సర్దాడు. "అనేసి పోయినాడు."

ఆ హోరులో ఏముందో నాకు తెలుసు. వార్తలు చదివినావిడ గొంతు తెలుసు, ఆమె ఏ మాట దగ్గర ఆగి ఏ ఊళ్ల పేర్లు చదివిందో తెలుసు. ఆ జాబితాలో వాళ్ల పల్లె పేరు ఉంది. చెప్పకుండా లేచి రావచ్చు. చాలాసేపు అదే ఆలోచించాను.

చివరికి చెప్పాను. ఆ హోరు హెచ్చరికేనని. పాత ప్రసారం ఆగడానికి నివేదిక రాసింది నేనేనని. ఉదయం, సాయంత్రం పాతది ఉంచాలని ఒక వాక్యం రాసి, మళ్లీ నేనే కొట్టేశానని.

లోపల ఈరన్న భార్య ఉంది. విన్నదో లేదో తెలియదు. గిన్నెల చప్పుడు ఆగింది.

ఉసేనప్ప నా మీద కేకలు వేస్తాడనుకున్నాను. వేస్తే బాగుండుననిపించింది.

"మీరు ఎండలో మూడు వారాలు తిరిగినారు గదా సార్, మా కోసరమే" అన్నాడు. "తెల్లారి రాండని వాడు సెప్పినాడు. ఒక్క దినం వచ్చింటే సరిపోయేది."

అంతే అన్నాడు. నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగాను.

కొత్తగా చేరినవాళ్లకు

ఏది మంచి పద్ధతని ఆ అమ్మాయి అడిగింది. డిజిటల్ మంచిదే. ఇంజనీరుగా ఇప్పటికీ అదే అంటాను. కరెంటు తక్కువ, గొంతు తేట. కానీ ప్రసారం ట్రాన్స్‌మిటర్ దగ్గర పూర్తికాదు. వినే మనిషి చేతిలో ఉన్న సెట్టు దాకా వచ్చి అక్కడ పూర్తవుతుంది. ఆ సెట్టు మారనంతకాలం, మాట లేనప్పుడు మోసే అలను తగ్గించే ఆ మధ్యరకం పద్ధతే మేలు. అది ఎవరికీ నచ్చదు. దాని గురించి సెమినార్లలో మాట్లాడితే ఎవరూ చప్పట్లు కొట్టరు. హెచ్చరికలు మాత్రం ఎన్నేళ్లయినా పాత సెట్టులో పలికే తీరులోనే పంపాలి. కొత్త సెట్లు ఊళ్లలో ఎన్ని ఉన్నాయో అంగళ్లలో అడిగి తెలుసుకోండి, కంపెనీల మాట మీద రాయకండి. పరీక్షలు వాళ్లు వినే వేళకు, వాళ్లు వినే సెట్టులో చేయండి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఎల్.ఇ.డి. బల్బులు, ఛార్జర్లు ఉన్నాయి. వాటి గురగుర షార్ట్‌వేవ్‌ను తినేస్తుంది. అది వ్యాన్లో కూర్చుంటే తెలియదు.

పైఅధికారి మంచివాడైతే ఇంకా జాగ్రత్తగా ఉండండి. చెడ్డవాడితో పోట్లాడటం సులువు.

ఈరన్న సంగతి నేను శాఖకు రాశాను. ప్రసారంలో లోపం లేదని, హెచ్చరిక రెండుసార్లు వెళ్లిందని రికార్డు చూపించారు. అది నిజం. లాగ్‌బుక్‌లో ఆ రెండు పద్దులూ నా చేతిరాతే.

నేను రిటైరైన ఏడాదికి మా కేంద్రంలో షార్ట్‌వేవ్ పూర్తిగా ఆపేశారు. ఆపేముందు శ్రోతల అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఇచ్చారట. అది కూడా డిజిటల్‌లోనే. ఒక్క ఉత్తరం రాలేదు. వినేవాళ్లు లేరని రాసుకుని ఫైలు మూశారు. యాంటెన్నా స్తంభాలను కోసి లారీల్లో ఎత్తుకుపోయారని నా కింద పనిచేసినవాడు ఫోన్ చేసి చెప్పాడు.

ఈ కబురు ఉసేనప్పకు ఎదురుగా చెప్పాలనిపించి ఇంకోసారి హాలహర్వి పోయాను. సుగ్గికి పోవడానికి మూటలు కట్టుకుంటున్నారు. ఈరన్న భార్య కూడా ఈసారి వాళ్లతో పోతున్నది. స్టేషను మూసేశారని చెప్పాను.

ఉసేనప్ప మూట ముడి బిగిస్తూ తలెత్తాడు.

"ఇప్పుడు మూసినారా?" అన్నాడు. "మాకు ఎప్పుడో మూసినారు గదా సార్."